నాలుగు గట్లూ సమానమే

పొద్దున ఏడు నలభైకి సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు ఎక్కుతాను. సాయంత్రం అదే రోడ్డు మీద అటు నుంచి ఇటు వస్తాను. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. మొదట్లో కిటికీ పక్క సీటు కోసం బయటి నుంచే కర్చీఫ్ వేసేవాణ్ణి. ఇప్పుడు ఏ సీటైనా ఒకటే, మోకాళ్లు పట్టే జాగా ఉంటే చాలు. కోదాడలో దిగి, ఆటో పట్టుకుని, పక్క ఊళ్లో ఉన్న మా హైస్కూలుకు చేరేసరికి ఒంట్లో ఓపిక సగం అయిపోయి ఉంటుంది. గేటు దాటగానే ఫోను తీసి, నా ముఖం దానికి చూపించి హాజరు వేసుకోవాలి. ఒక్కోరోజు అది నన్ను గుర్తుపట్టదు. వెలుతురు చాలదంటుంది, కళ్లు తెరవమంటుంది. తెరిచే ఉన్నాయి తల్లీ, ఇంతకంటే తెరుచుకోవు అని దాన్ని విసుక్కుని క్లాసుకు పోతాను.

నేను లెక్కల సారును. ఇంకా పదహారు నెలల సర్వీసు ఉంది. నెలలు లెక్కపెట్టుకునే దశకు వచ్చానంటేనే నా సంగతి అర్థమవుతుంది.

ఎప్పుడూ ఇలా లేను. బీఈడీ చదివే రోజుల్లో లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. లెక్కలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాయో చెప్పే పుస్తకం. పాతకాలం ఈజిప్టులో వరద వచ్చి పోయాక పొలాల హద్దులు చెరిగిపోయేవని, తాళ్లు పట్టుకుని మళ్లీ కొలిచేవారని అందులో చదివాను. నాలుగు వైపుల పొలమైతే ఎదురెదురు గట్లు కూడి సగం చేసి, ఆ రెండు సగాలనూ గుణించి వైశాల్యం చెప్పేవారట. చదివి నవ్వుకున్నాను. మా ఊళ్లో పెద్దమనుషులు ఇప్పటికీ చేసే లెక్క అదే. ఎన్ని వేల మైళ్ల దూరం, ఎన్ని వేల ఏళ్ల తేడా, తాడు మాత్రం ఒకటే.

తర్వాత గ్రీకులు వచ్చారు. వాళ్లు ఆ కొలతలన్నీ నేర్చుకుని, నేర్చుకున్నాక ఒక మాట అడిగారు: అది అంతేనని నీకెలా తెలుసు? ఆ ఒక్క మాట కోసం అంకెలు లేని బద్దనూ, వృత్తలేఖినినీ చేత పట్టుకుని కూర్చున్నారు. అందరూ ఒప్పుకునే కొన్ని మాటలు ముందు రాసుకున్నారు. ఆ మాటల మీద నిలబడి, ఒక్కో మెట్టుకూ కారణం చెప్పుకుంటూ పైకి ఎక్కారు. కారణం దొరకని చోట ఆగిపోయారు. చెప్పేవాడు ఎంత పెద్దవాడైనా సరే, కారణం చెప్పాలి. గీసిన బొమ్మలో రెండు గీతలు సమానంగా కనబడుతున్నాయంటే ఒప్పుకోరు, కన్ను మోసం చేస్తుంది కాబట్టి. లెక్కల్లో నిరూపణ అన్నది ఇవాళ్టికీ ఆ అలవాటు మీదే నడుస్తోంది. ఇరవై రెండేళ్ల వయసులో ఇదంతా చదివి ఊగిపోయాను. పిల్లలకు నేర్పితే ఇదే నేర్పాలి అనుకున్నాను.

నేర్పింది ఏమిటంటే దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. నిరూపణకు ఈ నాలుగు శీర్షికలు బోర్డు మీద రాయడం, పిల్లలు వాటి కింద నేను రాసింది దించుకోవడం, దించుకున్నది బట్టీ పట్టడం. ఒక ఏడాది పరీక్షలో త్రిభుజం అదే ఇచ్చి మూలల అక్షరాలు మాత్రం మార్చారు. సగం క్లాసు ఆ ప్రశ్న వదిలేసింది. సార్, మీరు చెప్పింది ఈ త్రిభుజం కాదు అని బయటికొచ్చాక నన్నే అడిగారు. ఆ రోజు బాగా తిట్టాను. తిట్టాల్సింది ఎవరినో తెలిసి కూడా వాళ్లనే తిట్టాను. ఏడాది తిరిగేసరికి నేనే ముఖ్యమైన సిద్ధాంతాలు ఐదు ఏరి, ఇవి చూసుకోండి చాలు, పాసైపోతారు అని చెప్పడం మొదలుపెట్టాను. పాసయ్యారు కూడా.

పోయిన డిసెంబరులో తొమ్మిదో తరగతికి త్రిభుజాల సర్వసమానత్వం చెబుతున్నాను. రెండు త్రిభుజాల్లో మూడు భుజాలూ మూడు భుజాలకు సమానమైతే ఆ రెండూ అచ్చంగా ఒకటే. పుస్తకంలో భు.భు.భు. నియమం అంటారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మొదటి పీరియడు. పిల్లలు ఆవలిస్తున్నారు, నేనూ ఆవలిస్తున్నాను. నిద్ర పోగొట్టడానికి నా సొంత కథ ఎత్తుకున్నాను. లెక్కలు బతుకులో ఎలా పనికొస్తాయో చెబుతాను వినండి అని బోర్డు మీద మా పొలం గీశాను.

మా పొలం మిర్యాలగూడ దగ్గర, సాగర్ కాలువ కింద. మొత్తం రెండెకరాలు, ఒకే మడి. పదకొండేళ్ల కిందట మా నాయిన పోయాక నేనూ మా తమ్ముడూ పంచుకున్నాం. మా దిక్కు పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దోడు పంచాలి, చిన్నోడు ఏరుకోవాలి. పంచేవాడికి ఏ ముక్క వస్తుందో తెలియదు కాబట్టి చచ్చినట్టు సమానంగానే పంచుతాడు. ఎవరు కనిపెట్టారో గానీ గ్రీకులు కూడా మెచ్చుకోవాల్సిన పద్ధతి.

మడికి నాలుగు మూలలు. ఒక మూల కాలువ తూము, దానికి ఒక పక్క రాయి, ఇంకో పక్క వేపచెట్టు, ఎదురుగా ఈతచెట్టు. తూము నుంచి రాయి దాకా కాలువ గట్టు. వేప నుంచి ఈత దాకా బండ్ల బాట గట్టు. ఊరి పెద్దమనుషులు ఇద్దరు, నేను, తమ్ముడు, ఒక తాడు. కాలువ గట్టుకు సరిగ్గా నడుమ ఒక మేకు కొట్టాను. బాట గట్టుకు సరిగ్గా నడుమ ఇంకో మేకు కొట్టాను. రెండింటికీ తాడు కట్టి, ఇదే కొత్త గట్టు అన్నాను. పెద్దమనుషులకు అనుమానం రాకుండా అంచుల్లో మిగిలిన రెండు గట్లు కూడా కొలిచి చూపించాను. వేప నుంచి తూముకు ఎంతో, ఈత నుంచి రాయికి అంతే. బెత్తెడు తేడా లేదు.

"సూడున్రి. గీ ముక్క నాలుగు గట్లు, గా ముక్క నాలుగు గట్లు, అన్ని సమానమే. ఇంకేం గావాలె?" అన్నాను.

"సారు సూసినంక ఇగ మేం సూసేదేముంది," అన్నారు పెద్దమనుషులు. వాళ్ల పాత లెక్క కట్టి చూసినా రెండు ముక్కలూ సమానమే వచ్చాయి.

ఇక తమ్ముడు ఏరుకోవాలి. వాడు ఏరుకోలేదు. "నువ్వు గీసినంక నేను ఏరుకునుడేందన్నా? తూము దిక్కు నువ్వే ఉండు, నేను గీ దిక్కు తీస్కుంట," అని తను నిలబడ్డ వైపే చూపించాడు. పెద్దవాణ్ణి కదా, సారును కదా, నా ముందు ఏరుకుంటే తప్పుగా ఉంటుందనుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ రోజు వాడి భుజం మీద చెయ్యి వేసి ఊళ్లోకి నడిచాను.

ఇదీ నేను క్లాసులో చెప్పిన కథ. నాలుగు భుజాలూ సమానమని చూపించాను, ఊరంతా ఒప్పుకుంది, చూశారా లెక్కల బలం అని ముగించి సుద్దముక్క కింద పెట్టాను.

రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న కోదాడలో సెంట్రింగ్ పనికి పోతాడు. మామూలుగా నోరు విప్పని పిల్ల.

"సార్, మూడు భుజాలు సమానమైతే ఒకటేనని త్రిభుజానికి చెప్పారు కదండీ. నాలుగు భుజాలున్న దానికి కూడా ఆ రూలు ఉంటుందా?"

"ఎందుకుండదు?" అన్నాను.

"మా నాన్న నాలుగు చెక్కలు కొట్టాక మూల నుంచి మూలకి ఇంకో చెక్క కొడతాడండీ. అది కొట్టకపోతే ఒరిగిపోద్దంటాడు. చెక్కలు అవే ఉంటయ్యి, ఆకారం మారిపోద్ది. మరి మీ పొలం అట్టా ఒరిగుంటే..."

"కూర్చో," అన్నాను. "పొలం ఒరగడానికి అదేమన్నా మంచమా?"

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. బెల్లు కొట్టారు. ముప్పై ఏళ్లుగా ఏ పిల్ల అయినా అడగాలని నేను ఎదురుచూసిన ప్రశ్న అది. అడిగిన రోజున నేను చేసిన పని ఆమెను నవ్వులపాలు చేసి కూర్చోబెట్టడం. రాసుకుంటుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు. పై కడ్డీ పట్టుకుని నిలబడి, పిల్ల చెప్పింది తప్పు అని నిరూపించడానికి ప్రయత్నిస్తూ వచ్చాను. మునగాల దాటాక ఆ ప్రయత్నం మానేశాను. ఇంటికి వచ్చి, చీపురు లోంచి నాలుగు పుల్లలు తీసి, సమానంగా విరిచి, మూలలు దారంతో కట్టాను. చతురస్రం అయింది. ఒక మూల వేలితో నెట్టాను. నులక వదులైన మంచం పట్టెల్లా అది పక్కకు ఒరిగింది. ఇంకాస్త నెట్టితే రెండు పుల్లలు రెండు పుల్లల మీద పడుకుని లోపల జాగా అన్నదే లేకుండా పోయింది. నాలుగు పుల్లలూ సమానమే. నా భార్య వచ్చి, చీపురు ఎందుకు పాడు చేస్తున్నారని అడిగింది. ఏం చెప్పను? పదకొండేళ్ల కింద పొలం పాడు చేశానేమో చూస్తున్నానని చెప్పలేకపోయాను.

త్రిభుజాన్ని అలా నెట్టలేం. మూడు పుల్లలు కట్టాక అది కదలదు. అందుకే భు.భు.భు. నియమం త్రిభుజానికి ఉంది, చతుర్భుజానికి లేదు. ఇది నాకు తెలియనిది కాదు. ఏటేటా చెప్పే పాఠమే. గట్టు మీద నిలబడి, చేతిలో తాడు పట్టుకుని, నలుగురూ సారూ సారూ అంటుంటే ఆ తెలిసింది ఎటు పోయిందో తెలియదు. నాలుగు గట్లూ కొలిచాను గానీ మూల నుంచి మూలకు ఒక్క కర్ణం కొలిచి ఉంటే నిజం అప్పుడే బయటపడేది. సెంట్రింగ్ మేస్త్రీ మర్చిపోని ఐదో చెక్కను లెక్కల సారు మర్చిపోయాడు.

దీనికి తోడు, ఆ వారంలోనే నా సగం అమ్మడానికి మాట అయి ఉంది. సూర్యాపేటలో నా ఇల్లు స్లాబు వేసి రెండేళ్లయింది, పైన గోడలు లేవు. ముందు తమ్ముణ్ణే అడిగాను. నా వల్ల కాదన్నా, బయటోళ్లకు ఇచ్చుకో అన్నాడు. హుజూర్‌నగర్‌లో విత్తనాల దుకాణం ఉన్నాయన కొంటానన్నాడు. వచ్చే వారం గురువారం వచ్చి నడిమి గట్టు మీద హద్దురాళ్లు పాతించి కాగితం రాసుకుంటానన్నాడు. ఆ రాళ్లు పడ్డాయంటే ఇక అంతే. తప్పు ఉంటే అది తమ్ముడి మడిలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. నా మడి వేరేవాడిది అయిపోతుంది.

నిజం చెబుతున్నాను, రెండు రోజులు ఏమీ చేయలేదు. నా ఆలోచన ఇలా నడిచింది. సమానం కాదని తేలలేదు కదా. సమానం కాకపోవచ్చు అని మాత్రమే తేలింది. కర్ణం కొలవనంత వరకు నేను ఎవరినీ మోసం చేసినట్టు కాదు. తమ్ముడే ఏమీ అనలేదు. నా సగం కూడా వాడే సాగు చేస్తాడు, ఏటా నాకు తిండికి సరిపడా బియ్యం పంపుతాడు, పదకొండేళ్లలో ఒక్క మాట రాలేదు. ఇంకా ఏడాదిన్నర నడవాల్సిన మోకాళ్లు, పూర్తికాని గోడలు, ఇన్ని ఉండగా మళ్లీ ఆ మడిలో దిగి తాళ్లు పట్టుకునే ఓపిక ఎక్కడిది? అలిసిపోయినవాడికి ప్రతి తప్పూ వదిలేయదగ్గ తప్పులాగే కనబడుతుంది. మూడో రోజు క్లాసులో ఆ అమ్మాయి తల వంచుకుని, నేను బోర్డు మీద రాసింది మాట్లాడకుండా దించుకుంటోంది. ఆ రోజు ఆదివారానికి మిర్యాలగూడ వస్తున్నానని తమ్ముడికి ఫోన్ చేశాను.

మిర్యాలగూడలో బస్సు దిగేసరికి మిల్లుల పొగ వాసన, వడ్ల లారీల వరుస. తమ్ముడు బండి మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు. వరి కోత అయిపోయింది. మడి నిండా కొయ్యకాళ్లు, నేల ఆరి గట్టిగా ఉంది. కొనేటాయన కోసం ఒకసారి కొలిచి పెట్టుకుందామని వాడికి చెప్పాను. అదీ అబద్ధమే. వాడు తాడు ఒక కొస పట్టుకున్నాడు. వేప నుంచి రాయి దాకా కొలిచాం. ఈత నుంచి తూము దాకా కొలిచాం. నడిమి గట్టుకు ఇటూ అటూ ముక్కలకు కూడా మూల నుంచి మూలకు కొలిచాం. గట్టు మీద కూర్చుని ఫోనులో లెక్క వేశాను. మళ్లీ వేశాను. ఈత నుంచి రాయికి పోయే గట్టు లోపలికి ఒరిగి ఉంది. వేప నుంచి తూముకు పోయేది నిటారుగా ఉంది. పొడవు సమానమే, ఒరుగు వేరు. నా ముక్క పెద్దది, వాడి ముక్క చిన్నది. ఎకరానికి నలభై గుంటలైతే, రెండింటికీ దాదాపు ఆరు గుంటల తేడా.

"తమ్మీ," అన్నాను. "నేను తప్పు గీసినరా. నీ దిక్కు తక్కువుంది."

వాడు తాడు చుట్ట చుడుతున్నాడు. చుట్టడం ఆపలేదు.

"నాకెరుకేనన్నా," అన్నాడు.

"ఏమెరుక?"

"తక్కువుందని. మొదటేడే తెల్సింది. ఒక్క నారుమడే గద మనది. కట్టలు లెక్కవెట్టి రెండు దిక్కుల సమానంగ పంచిన. నా దిక్కు నారు మిగిలింది. నీ దిక్కు సాలక, మిగిలింది తెచ్చి నీ దాంట్లనే ఏసినం. నాటేసేటోళ్లు నా దిక్కు పల్చగ ఏసిన్రేమో అనుకున్న. రెండో ఏడు నేనే ఎనక నిలవడి ఏపిచ్చిన. గప్పుడు గూడ గంతే."

"మరి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"ఏమని చెప్పాలె? ఊర్ల అందరి ముంగట గీసినవ్. నీ లెక్క తప్పంటె నీ ఇజ్జత్ ఏముంటది?" అని, నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నాడు. "ఇంకోటి గూడ ఉన్నది. నువ్వు ఎరికుండే గీసినవనుకున్న. లెక్కల సారుకు తెల్వకుండ ఎట్లుంటది?"

పదకొండేళ్లు. ప్రతి నాటుకూ వాడు నారు కట్టలు మిగలడం చూశాడు. ప్రతిసారీ అన్న మోసం చేశాడనుకున్నాడు. అనుకుంటూనే నా మడికి నీళ్లు పెట్టాడు, నా ఇంటికి బియ్యం పంపాడు, పండగకు మా పిల్లలకు బట్టలు పెట్టాడు. ఏడుపు వచ్చింది. వాడి ముందు ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించి కండువాతో ముఖం తుడుచుకున్నాను.

"ఎరికుండి గీయలేదురా. మూడు మూలలదైతె గట్లు కొలిస్తె సాలు, ఒరగది. నాలుగు మూలలది ఒరుగుతది. తెలిసిందే మర్చిపోయిన," అన్నాను.

"మంచిగనే ఉంది," అన్నాడు. నమ్మాడో లేదో ఆ గొంతులో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం మళ్లీ పంచాం. ఈసారి పెద్దమనుషులను పిలవలేదు. అంకెలతో పని లేని పద్ధతి ఎంచుకున్నాను, ఆ పుస్తకంలో గ్రీకులు చేసినట్టే. వేప నుంచి రాయి దాకా తాడు పట్టాం. తాడును సగానికి మడిచి, మడత పడ్డ చోట మడి నడుమ మేకు కొట్టాను. తూము నుంచి ఆ మేకుకు ఒక గీత, మేకు నుంచి ఈతకు ఇంకో గీత. మడి రెండు సమాన భాగాలైంది, కాకపోతే మధ్య గట్టు వంకర. వంకర గట్టు దగ్గర ట్రాక్టరు తిరగదు. దాన్ని తిన్నగా చేయడానికి తూము నుంచి ఈతకు ఒక తాడు కట్టి, నడిమి మేకు మీదుగా దానికి సమాంతరంగా ఇంకో తాడు లాగాను. అది బాట గట్టును తాకిన చోట చివరి మేకు కొట్టాను. తూము నుంచి ఆ మేకు దాకా తిన్నటి గట్టు. తూము మూల నుంచే బయలుదేరింది కాబట్టి ఇద్దరికీ నీళ్లు నేరుగా అందుతాయి. ఒక ముక్కకు నాలుగు మూలలు, ఇంకో ముక్కకు మూడు.

"ఇప్పుడు సమానం. ఇప్పుడు నువ్వు ఏరుకో," అన్నాను.

వాడు ఏరుకోలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని ఆ కొత్త తాడు వైపు చాలాసేపు చూశాడు.

"గిది సమానమని ఎట్ల తెల్సు?" అన్నాడు.

నా తమ్ముడు ఏడో తరగతిలో బడి మానేశాడు. నాకు తెలిసినంతలో నా మాటకు ఎట్లా అని ఎన్నడూ అడిగినవాడు కాదు. గ్రీకులు అడిగిన మాట, ఆ అమ్మాయి అడిగిన మాట, వాడూ అడిగాడు. వాళ్లు తెలుసుకోవాలని అడిగారు. వీడు నన్ను నమ్మలేక అడిగాడు. మాట ఒకటే అయినా నాకు ఆ తేడా బాగా తగిలింది.

గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. కొయ్యకాలు ఒకటి పీకి మట్టి మీద గీసి చెప్పాను. వేప నుంచి రాయికి పట్టిన తాడుకు తూము దిక్కున్న ముక్క చూడు, అది ఒక త్రికోణం. ఆ తాడే దాని అడుగు భుజం. దాన్ని సగం చేసి మేకు కొట్టాం. మేకుకు ఇటు ఒక త్రికోణం, అటు ఒక త్రికోణం. రెండింటి అడుగూ సమానం. కొస రెండింటికీ ఒకటే, తూము. అందుకని ఎత్తూ ఒకటే. అడుగు సమానం, ఎత్తు సమానం, ఇక వైశాల్యం సమానం కాక ఏమవుతుంది?

"ఈత దిక్కు గూడ గిట్లనే?"

"గట్లనే."

"మరి వంకర తీసినవ్ గద. గప్పుడు మారలే?"

అక్కడ నేను తడబడ్డాను. ముప్పై ఏళ్లుగా చెప్పిన సిద్ధాంతమే, ఒకే అడుగు మీద, రెండు సమాంతర గీతల మధ్య ఉన్న త్రికోణాలు సమానమని. వాడికి అది సిద్ధాంతమని చెబితే చాలదు. కాబట్టి లేచి మడిలోకి నడిచాను. తూము నుంచి ఈతకు కట్టిన తాడు అడుగు అనుకో. పాత మేకు దాని నుంచి ఎంత దూరమో, కొత్త మేకూ అంతే దూరం. రెండు చోట్లా ఒకే కట్టెతో కొలిచి చూపించాను. ఆ కట్టె వాడు నా చేతిలోంచి తీసుకుని, తనే మళ్లీ రెండు చోట్లా కొలిచాడు. నాకు కోపం రాలేదు. కోపగించుకునే హక్కు పదకొండేళ్ల కిందే పోయింది.

"సరే," అన్నాడు చివరికి. "సమానమే."

ఎండ దిగుతోంది. నా మోకాళ్లు వంగడం లేదు. గురువారం వచ్చే ఆయనకు ఫోను చేసి, అమ్మే ముక్క మారిందని, కావాలంటే వచ్చి చూసుకోమని చెప్పాలి. ఆయన కొంటాడో మానుకుంటాడో తెలియదు. గోడలు ఇంకో ఏడాది ఆగితే ఆగనీ అనుకున్నాను. ఆ అమ్మాయికి కూడా క్లాసులో అందరి ముందే, నువ్వు చెప్పిందే నిజమని చెప్పాలి.

"ఇగ ఏరుకో మరి," అన్నాను వాడితో.

నాలుగు మూలల ముక్క దున్నుకోవడానికి సులువు. మూడు మూలల దాంట్లో కొసన ట్రాక్టరు తిరగదు, పారతో చేసుకోవాలి. సేద్యం తెలిసినవాడెవడైనా మొదటిదే కోరుకుంటాడు. తమ్ముడు రెండు ముక్కల చుట్టూ నడిచాడు. వాడు పద్ధతి ప్రకారం ఏరుకోవడం నేను చూడడం అదే మొదటిసారి. తిరిగి వచ్చి మూడు మూలల దాని వైపు చెయ్యి చూపించాడు.

"నాకు గది గావాలె."

"పిచ్చోడా, దున్నుడు కష్టమైతది."

"కానీ. మూడు మూలలదైతె మూడు గట్లు కొల్సుకుంటె సాలు, ఒరిగిపోదని ఇందాక నువ్వే అన్నవ్ గద." తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు. "ఇగ నేనే కొల్సుకుంట. ఎవ్వల్నీ అడిగే పనుండది."

నేను సరేనన్నాను. వాడు వెళ్లి బండి స్టార్ట్ చేశాడు. వెనక ఎక్కి కూర్చున్నాను, ఎప్పటిలా వాడి భుజం మీద చెయ్యి వేయబోయి, సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకున్నాను.